తల్లికో తండ్రికో క్యాన్సర్ వచ్చిన కుటుంబానికి ఖర్చుల్లో ఆసరా ఇవ్వడం: మొదటి రిపోర్టు నుంచి చివరి బిల్లు దాకా

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన మొదటి రెండు వారాల్లోనే చాలా కుటుంబాలు అక్కర్లేని ఖర్చు చేసేస్తాయి. కంగారులో దగ్గరున్న కార్పొరేట్ ఆస్పత్రిలో చేర్చి అడ్వాన్సు కట్టేస్తారు. పది రోజుల తర్వాత ఎవరో "ఆరోగ్యశ్రీ లేదా?" అని అడుగుతారు. అప్పటికి కట్టిన డబ్బు వెనక్కి రాదు. అందుకే మీరు చుట్టమైనా, స్నేహితుడైనా, ఆఫీసులో పక్క సీటు మనిషైనా, అమెరికాలో ఉన్న కొడుకైనా, జేబులోంచి డబ్బు తీసేముందు ఏ పని ముందు, ఏది తర్వాత అనేది చూసుకోవాలి. ఈ వరస తప్పితే మీరిచ్చే లక్ష కూడా పథకం భరించాల్సిన బిల్లుకే పోతుంది.

1. ముందు కాగితాలు, ఒక్కరి చేతిలో

ఇంట్లోవాళ్లు ఆ సమయంలో కాగితాలు చూసుకునే స్థితిలో ఉండరు. మీరు చేయగల మొదటి సాయం "ఫైలు నేను చూసుకుంటా" అనడం. ఈ పని ఒక్కరే తీసుకోవాలి. నలుగురు తలా ఒక చెయ్యి వేస్తే ఒరిజినల్ బిల్లు ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

ఫైలులో ఉండాల్సినవి: బయాప్సీ రిపోర్టు, క్యాన్సర్ రకం తేల్చే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (ఐహెచ్‌సీ) పరీక్ష చేసి ఉంటే అది, సీటీ లేదా పెట్ స్కాన్ రిపోర్టులు, వాటి సీడీలు, రక్తపరీక్షలు, డాక్టర్ రాసిన చికిత్స ప్రణాళిక, డిశ్చార్జి సమ్మరీలు, ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధృవీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ప్రతిదీ ఐదు జిరాక్సులు తీసి, ఫోన్‌లో స్కాన్ చేసి పెట్టండి.

బయాప్సీ చేసిన చోట స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (తీసిన కండ ముక్కను మైనంలో భద్రపరిచినవి) ఉంటాయి. చాలామంది వీటిని అడగనే అడగరు. ఆస్పత్రి మారినా, రెండో అభిప్రాయానికి వెళ్లినా కొత్త డాక్టర్ ముందు అడిగేది అవే. అవి లేకపోతే మళ్లీ సూది, మళ్లీ ఖర్చు, ఇంకో వారం ఆలస్యం. ల్యాబ్‌కు రాతపూర్వకంగా అడిగితే ఇస్తారు.

రేషన్ కార్డు, ఆధార్, ఆస్పత్రి రికార్డు మూడింటిలోనూ పేరు, పుట్టిన సంవత్సరం ఒకేలా ఉన్నాయో లేదో సరిచూడండి. ఒకచోట "వెంకట సుబ్బమ్మ", ఇంకోచోట "సుబ్బమ్మ" అని ఉంటే ప్రీఆథరైజేషన్ (చికిత్సకు పథకం ముందుగా ఇచ్చే అనుమతి) దగ్గర ఆగిపోతుంది. తల్లిదండ్రుల పేరు ఏ కొడుకు కార్డులో ఉందో కూడా చూడాలి. అసలు ఏ కార్డులోనూ లేని ఇళ్లు చాలానే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో దరఖాస్తు పెట్టి దాని వెంట పడే పని మీరు తీసుకుంటే ఆ ఇంటికి పెద్ద బరువు దిగుతుంది.

2. మొదటి బిల్లు కట్టకముందే పథకం తేల్చుకోండి

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో 25 లక్షల దాకా ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ సమాచారానికి 104. ఇది నగదు రహిత పథకం. మనం కట్టేసి తర్వాత బిల్లులు పెడితే తిరిగి ఇచ్చేది కాదు. నెట్‌వర్క్ ఆస్పత్రిలో, అందులోనూ క్యాన్సర్ విభాగానికి అనుమతి ఉన్న చోట, ఆరోగ్యమిత్ర (పథకం తరఫున ఆస్పత్రిలో ఉండే సహాయకులు) డెస్కు దగ్గర నమోదై ప్రీఆథరైజేషన్ వచ్చాకే చికిత్స మొదలవ్వాలి. కీమో అయితే విడత విడతకీ అనుమతి తీసుకుంటారు, రోగి స్వయంగా రావాలి. నెట్‌వర్క్ ఆస్పత్రి ప్యాకేజీలో ఉన్నదానికి అదనంగా డబ్బు అడిగితే రసీదు అడగండి, 104కు ఫిర్యాదు చేయండి. రసీదు అడగగానే చాలాసార్లు ఆ మాట వెనక్కి పోతుంది.

ఆంధ్ర కార్డుతో హైదరాబాద్ వెళ్లాలనుకుంటే ఆ ఆస్పత్రి, ఆ చికిత్స రెండూ పథకంలో ఉన్నాయా అని బయల్దేరే ముందే కనుక్కోవాలి.

తండ్రికో తల్లికో 70 ఏళ్లు నిండితే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. 2024 అక్టోబరు 29న మొదలైంది, ఏడాదికి 5 లక్షలు. ఆధార్ చాలు. సమాచారానికి 14555. రేషన్ కార్డు లేని మధ్యతరగతి ఇళ్లకు ఇదే పెద్ద దారి. చాలామందికి ఇది ఉందనే తెలియదు.

ఆ తర్వాత పిల్లల ఉద్యోగాలు చూడండి. జీతం 21 వేలలోపు ఉన్న ఉద్యోగికి ఈఎస్ఐ ఉంటే, ఆధారపడిన తల్లిదండ్రులు కూడా అందులోకి వస్తారు. ప్రభుత్వ ఉద్యోగి అయితే ఉద్యోగుల ఆరోగ్య పథకం. ప్రైవేటు కంపెనీల గ్రూప్ ఇన్సూరెన్సులో తల్లిదండ్రులను చేర్చారా లేదా అన్నది కొడుక్కే సరిగ్గా తెలియదు. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టించండి. కూతురి కంపెనీ పాలసీనీ మర్చిపోవద్దు.

సొంత పాలసీ ఉంటే మూడు విషయాలు చదవాలి. గది అద్దె పరిమితి ఎంత, ఓరల్ కీమో (మాత్రల రూపంలో కీమో), ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తితో చేసే చికిత్స)లకు విడిగా పెట్టిన ఉపపరిమితి ఎంత, డే కేర్ (రాత్రి ఉండకుండా అదే రోజు పంపేసే చికిత్స) కింద కీమో ఉందా. గది పరిమితి రోజుకు 5 వేలుంటే 10 వేల గది తీసుకున్నారనుకోండి. తేడా 5 వేలతో పోదు, డాక్టర్, సర్జన్, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల్లో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుంది. క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలో, డిశ్చార్జి అనుమతి మీద మూడు గంటల్లో తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. కౌంటర్ దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోబెడితే ఈ మాట చెప్పండి.

3. ఆస్పత్రి ఎంపిక, అంచనా పత్రం

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం. రద్దీ ఎక్కువే, ఖర్చు మాత్రం దాదాపు ఉండదు. బంజారాహిల్స్‌లోని బసవతారకం లాభాపేక్ష లేని ట్రస్టు ఆస్పత్రి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. తిరుపతిలో టాటా ట్రస్ట్స్ అండతో వచ్చిన క్యాన్సర్ సంస్థ ఉంది. గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. శ్రీకాకుళం మనిషి హైదరాబాద్ పోనక్కర్లేదు, మదనపల్లె మనిషి ముంబయి పోనక్కర్లేదు. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు. ఇంటికి దగ్గరి యూనిట్ అయితే అద్దె గది, తోడు మనిషి తిండి, పోయిన కూలి అన్నీ మిగులుతాయి. ఈ లెక్క వేయకుండా పేరు చూసి ఊరు మారితే మందుల ఖర్చుకంటే బతుకు ఖర్చే ఎక్కువవుతుంది.

ఎక్కడ చేరినా లెటర్‌హెడ్ మీద అంచనా పత్రం తీసుకోండి. జబ్బు పేరు, స్టేజి, ప్రతిపాదించిన చికిత్స, ఎన్ని విడతలు, ఒక్కో విడతకు ఎంత, మొత్తం ఎంత, డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. సహాయనిధులకైనా క్రౌడ్‌ఫండింగ్‌కైనా ఇదే మూలం. "సుమారు పది లక్షలవుతుంది" అని నోటిమాటగా చెప్పింది ఎక్కడా చెల్లదు.

4. బిల్లులో కనిపించని ఖర్చే కుటుంబాన్ని కుంగదీస్తుంది

చికిత్స ఉచితమైనా ఇల్లు అప్పుల్లో పడటానికి కారణం ఇదే. ఒక కీమో విడత ఎలా నడుస్తుందో చూడండి. మామూలుగా 21 రోజులకోసారి. వెళ్లే ముందు రోజు రక్తపరీక్ష. కీమో రోజు ప్రయాణం, ఇద్దరి తిండి, ఒక్కోసారి రాత్రి బస. తర్వాత వాంతుల మాత్రలు, నోటి పుళ్లకు మందు, కొందరికి తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్లు. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చిందంటే తెల్లారేదాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. అంటే కారు, అడ్మిషన్, యాంటిబయాటిక్స్, ముందు కట్టాల్సిన అడ్వాన్సు. లెక్కలో లేని ఖర్చు ఇదే. ఇరవై, ముప్పై వేలు దీనికోసమే పక్కన పెట్టి, ఆ ఖాతా కార్డు ఇంట్లో ఒకరి దగ్గర ఉంచాలి. థర్మామీటర్ కొనివ్వండి, వంద రూపాయల వస్తువే.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించండి. విడత నంబరు, తేదీ, కారు లేక ఆటో, పరీక్షలు, బయట కొన్న మందులు, తిండి, పోయిన కూలి అని గళ్లు గీసి రాయించండి. రెండు విడతలు నడిచేసరికి నెలకు నిజంగా ఎంత తక్కువ పడుతోందో తేలుతుంది. చుట్టాలను అడిగేటప్పుడు కూడా ఆ అంకె పనికొస్తుంది.

"ఏమన్నా అవసరమైతే మొహమాటపడకుండా చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. ఆ మాట మానేసి ఒక పద్దు మీదేసుకోండి. "ప్రతి విడతకీ తిరుగు ప్రయాణం కారు ఖర్చు నాది." "మార్చి దాకా పిల్లాడి ఫీజు నేను స్కూల్లోనే కట్టేస్తా." "నెలనెలా బియ్యం, నూనె, పాలు నేను పంపిస్తా." ఇలా పద్దు పేరు చెప్పి తీసుకుంటే వాళ్ల మొహమాటమూ పోతుంది, మీ డబ్బు ఎటు పోయిందన్న సందేహమూ ఉండదు. ఇంకో మాట: మొదటి నెలలో అందరూ వస్తారు, పళ్లబుట్టలతో సహా. ఆరో నెలకి ఎవరూ ఉండరు. హెర్2 రకం రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ ఏడాది పొడుగునా నడుస్తుంది. ఒకేసారి యాభై వేలు ఇచ్చేకంటే పది నెలలు ఐదేసి వేలు వేసేవాళ్లు ఆ ఇంటికి ఎక్కువ అక్కరకొస్తారు.

రక్తదాతలను కుదర్చడం కూడా ఖర్చు తగ్గించే సాయమే. రోగి గ్రూపుకు సరిపడే ఆరేడుగురి పేర్లు, ఫోన్లు రాసిపెట్టుకుంటే ప్లేట్‌లెట్లు పడిపోయిన రోజు పరుగులు తప్పుతాయి.

5. ప్రయాణం

రైల్లో క్యాన్సర్ రోగికి చికిత్సకూ, తిరిగి చెకప్‌కూ రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి 100 శాతం, తోడొచ్చేవారికి 75 శాతం. సెకండ్ క్లాస్, ఏసీ చైర్‌కార్‌లో ఇద్దరికీ 75, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలో 50. ఆస్పత్రి నిర్ణీత నమూనాలో ఇచ్చిన ధృవపత్రం పట్టుకుని స్టేషన్ కౌంటర్‌లోనే తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో రాదు. ఆ కౌంటర్ వరసలో నిలబడే పని మీరు చేయొచ్చు.

తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. తల్లి రోగి, కూతురు తోడు అయితే వెళ్లేటప్పుడు ఖర్చు సున్నా. ఎవరి రాష్ట్రంలో వాళ్లకే ఇది. ఒంగోలు నుంచి హైదరాబాద్ వెళ్లేవారికి పనికిరాదు. కీమో ఎక్కించుకున్నాక మాత్రం నాలుగు గంటలు ఎక్స్‌ప్రెస్ బస్సులో కుదుపుకుంటూ రావడం కష్టం, వచ్చేటప్పుడు కారే మేలు.

6. మందుల ధరలు

ఒకే మందు వేర్వేరు కంపెనీల పేర్లతో వేర్వేరు ధరలకు వస్తుంది. 42 రకాల క్యాన్సర్ మందుల మీద వర్తక లాభాన్ని మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ 2019లో 30 శాతానికి కట్టడి చేసింది. అయినా ఎంఆర్‌పీకీ, క్యాన్సర్ మందుల ప్రత్యేక దుకాణాలు అమ్మే ధరకూ మధ్య పెద్ద తేడా కనిపిస్తుంది. డాక్టర్‌ను నేరుగా అడగండి: "ఇదే మందు తక్కువ ధర బ్రాండ్‌లో రాయగలరా? బయట కొనుక్కొస్తే ఎక్కిస్తారా?" తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు మంచి చరిత్రే ఉంది. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ నెలకు రెండు లక్షల ఎనభై వేల దాకా ఉండేది. 2012లో హైదరాబాద్ కంపెనీ నాట్కోకు కంపల్సరీ లైసెన్సు (వేరే కంపెనీ పేటెంటు ఉన్న మందును తయారుచేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) దక్కాక అది 8,800కు దిగింది.

బయట కొంటే మూడు జాగ్రత్తలు. బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. ట్రాస్టుజుమాబ్, తెల్లకణాలు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ లాంటివి 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఐస్ ముక్కలకు ఆనుకుని గడ్డకడితే పాడవుతాయి, అందుకే ఐస్‌ప్యాకుకు, మందుకు మధ్య గుడ్డ పెట్టి డబ్బాలో తీసుకెళ్లాలి. వాడేసిన ఖాళీ సీసా, అట్టపెట్టె నర్సు చేత ఛిద్రం చేయించండి. 2024లో ఢిల్లీలో ఖరీదైన క్యాన్సర్ ఇంజెక్షన్ల ఖాళీ సీసాలు కొని నకిలీ మందు నింపి అమ్మిన ముఠా పట్టుబడింది.

కొన్ని ఖరీదైన మందులకు కంపెనీలే సహాయ పథకాలు నడుపుతాయి, కొన్ని డోసులు కొంటే మిగతావి ఉచితం. ఆంకాలజీ విభాగంలో అడిగితేనే చెబుతారు.

పసరు మందులకు, "గ్యారంటీ" వైద్యాలకు డబ్బు పంపొద్దు. అసలు ఖర్చుకంటే, ఆ మందు పనిచేస్తుందేమోనని కీమో ఆపేయడం వల్ల జరిగే నష్టం పెద్దది.

7. డబ్బు పోగుచేసేటప్పుడు

ఒకే ఖాతా, ఒకే క్యూఆర్ ఉండాలి. రోగి పేరు మీద ఖాతా అయితే మేలు. వచ్చినదీ పోయినదీ ఇచ్చినవాళ్ల గ్రూపులో వారానికోసారి పెట్టండి. వీలైతే ఆస్పత్రి కౌంటర్‌లో రోగి నంబరు మీద నేరుగా కట్టండి. ఆస్పత్రులకు యూపీఐ పరిమితి 5 లక్షలు. నగదు రూపంలో 2 లక్షలు, అంతకుమించి తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, ఆస్పత్రి తీసుకోదు కూడా.

బంధువులు కానివారి నుంచి ఏడాదిలో మొత్తం 50 వేలు దాటి వస్తే, ఆ మొత్తమంతా తీసుకున్నవారి ఆదాయం కింద లెక్క. ఎవరు బంధువు అన్నది చట్టం తన పద్ధతిలో చెబుతుంది. తోడబుట్టినవాళ్లు, పిల్లలు, భార్య తోడబుట్టినవాళ్లు ఇస్తే పన్ను లేదు. మేనమామ మేనల్లుడికి ఇస్తే పన్ను లేదు, మేనల్లుడు మేనమామకు ఇస్తే మాత్రం బంధువు లెక్కలోకి రాడు! పెదనాన్న కొడుకూ రాడు. రోగి మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రానంత వరకు కంగారు లేదు. జీతం ఎక్కువున్న కొడుకు ఖాతాలో వేయొద్దనేది అందుకే.

క్రౌడ్‌ఫండింగ్ వేదికల్లో ఫీజు ఎంత, డబ్బు నేరుగా ఆస్పత్రికి పోతుందా అని ముందే చూసుకోండి. ఫొటో పెట్టేముందు రోగిని అడగండి. గుండు చేసిన ఫొటో ఊరంతా తిరగడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు. రిపోర్టుల్లో ఆధార్ నంబరు, చిరునామా, ఫోను కనబడకుండా చెరిపి పెట్టండి.

8. సహాయనిధులు

ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి క్యాన్సర్ చికిత్స ఖర్చులో కొంత భాగం ఇస్తుంది. చికిత్సకు ముందే దరఖాస్తు చేయాలి, జాబితాలో ఉన్న ఆస్పత్రి కావాలి, డబ్బు ఆస్పత్రికే వెళ్తుంది. ఎంపీ లేఖ జతచేస్తే మంచిది. ముఖ్యమంత్రి సహాయనిధి (సీఎంఆర్‌ఎఫ్) ఎక్కువగా కట్టిన బిల్లులకు తర్వాత వస్తుంది. ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, బ్యాంకు వివరాలు పెట్టాలి. చికిత్సకు ముందుగా ఆస్పత్రికి ఇచ్చే ఎల్వోసీ (ఇంత మొత్తం ప్రభుత్వం భరిస్తుందనే హామీ పత్రం) కూడా ఉంది, తెలంగాణలో నిమ్స్‌లో చేరినవారికి ఇది బాగా వాడుక. పెద్ద ఆపరేషన్ అయితే అంచనా పత్రంతో దానికే ప్రయత్నించండి.

ఇక్కడ తరచూ జరిగే చిక్కు ఒరిజినల్ బిల్లులది. ఇన్సూరెన్సుకూ ఒరిజినలే కావాలి, సీఎంఆర్‌ఎఫ్‌కూ ఒరిజినలే కావాలి. ఏ బిల్లు ఎటు పంపాలో ముందే విడగొట్టండి. ఇన్సూరెన్సు కట్టని బిల్లులు సహాయనిధికి. ఆరోగ్యశ్రీలో అయిన చికిత్సకు మళ్లీ పెడితే తిరస్కరిస్తారు. చెక్కు ఇప్పిస్తానని కమీషన్ అడిగేవాడు దొంగ.

9. అప్పు తప్పకపోతే

నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. దానికన్నా ముందు చూడాల్సినవి: ఉద్యోగి పిల్లలుంటే ఈపీఎఫ్ నుంచి వైద్య కారణంతో ఫారం 31 అడ్వాన్సు (ఇది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు), ఎల్ఐసీ పాలసీ మీద రుణం, బ్యాంకులో బంగారు రుణం, పొదుపు సంఘంలో ఉంటే సంఘం అప్పు లేదా స్త్రీనిధి. మీరే అప్పుగా ఇస్తుంటే 20 వేలు, ఆపైన నగదుగా ఇవ్వొద్దు, బ్యాంకు ద్వారానే వేయండి. అప్పా, ఊరికే ఇస్తున్నారా అన్నది ఆ రోజే తేటగా చెప్పండి. పొలం అమ్మే మాట వస్తే ఆ వారమే ఒప్పందం రాయనివ్వకండి. క్యాన్సర్ ఇల్లని తెలిస్తే కొనేవాడు ధర తగ్గిస్తాడు.

10. చికిత్స ఇక పనిచేయదని డాక్టర్ చెప్పినప్పుడు

ఆఖరి రెండు నెలల ఐసీయూ బిల్లుకు ఇల్లమ్ముకున్నవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఈ మాట చెప్పడం చుట్టాలకు కష్టం, అయినా ఎవరో ఒకరు డాక్టర్‌ను అడగాలి: "ఇప్పుడు చేసేది జబ్బు తగ్గడానికా, బాధ తగ్గడానికా?" బాధ తగ్గించడానికే అయితే పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) ఉంది. ఎంఎన్‌జేలో ఆ విభాగం ఉంది, తెలంగాణ జిల్లా ఆస్పత్రుల్లో ఉచిత కేంద్రాలున్నాయి, హైదరాబాద్ ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే కేంద్రం) ఉచితంగా చూస్తుంది. నొప్పికి వాడే మార్ఫిన్ మాత్ర ఖరీదైన మందు కాదు, దొరికే చోటు తెలియాలంతే.

11. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా

పన్ను కట్టే కొడుకు, కూతురు పాత పన్ను విధానంలో ఉంటే, ఆధారపడిన తల్లిదండ్రుల క్యాన్సర్ చికిత్సకు 40 వేల వరకు, వాళ్లకు 60 ఏళ్లు దాటితే లక్ష వరకు మినహాయింపు ఉంది. ఇన్సూరెన్సు ఇచ్చింది తీసేసి లెక్క. ఆంకాలజిస్టు రాసిన ధృవపత్రం కావాలి, అది మార్చి నెలాఖరులో కాకుండా చికిత్స నడుస్తుండగానే తీసుకోండి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది సెక్షన్ 80డీడీబీ. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కాబట్టి పాత నంబరు చూసి ఫారం నింపొద్దు.

చికిత్స అయ్యాక మొదటి రెండేళ్లు తరచుగా చెకప్‌లు, స్కాన్లు ఉంటాయి. పోగైన డబ్బులో మిగులుంటే ఇచ్చినవాళ్ల గ్రూపులో చెప్పి దీనికే ఉంచండి. ఖాతా మూసేసి పంచేస్తే ఆరు నెలల తర్వాత స్కాన్‌కు మళ్లీ అడగాల్సి వస్తుంది, రెండోసారి అడగడం ఏ ఇంటికైనా కష్టమే.